దేవుడు ఇంట్లో లేడా?

ఈ ప్రశ్నను మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కోగా నేనింతవరకూ వినలేదు. ఆడవాళ్ళనే అడుగుతారు. అదీ ఆవిడ ఎక్కడికో ప్రయాణమౌతానని నోరు తెరిచినప్పుడు మాత్రమే. మామూలు రోజుల్లో ఆ ఇంట్లో దేవుడున్నాడో లేడో ఎవరికీ పట్టదు. సాయంత్రం జపమాల చెప్పుకున్నారా, అన్నం ముందు సిలువగుర్తు వేసుకున్నారా అని అడిగే నాథుడుండడు. ఫిబ్రవరి దగ్గరపడి, ఇల్లాలు కాస్త జంకుతూ, కూర వడ్డిస్తూ, "ఈసారి గుణదల తిరునాళ్ళకి వెళ్ళొద్దామనుకుంటున్నానండీ" అన్నదా, ఇక చూడండి! పేపరు వెనకనుంచి వేదాంతం మొదలౌతుంది. "దేవుడు ఇంట్లో లేడటే? సర్వాంతర్యామి కదా! అంత జనంలో పడి తొక్కించుకుంటేగానీ నీ ప్రార్థన మరియమాతకి వినపడదా?"

ఎంత లోతైన మాటో! ఆదివారం పూజలో ఫాదర్ గారి ప్రసంగం ముగిసేదాకా గుడి బయట స్కూటరు మీద కూర్చుని కబుర్లాడే మనిషికి ఇంత బ్రహ్మజ్ఞానం ఎప్పుడు అబ్బిందా అని ఆవిడ ఆశ్చర్యపోవాలి నిజానికి. కానీ ఆశ్చర్యపోదు. "అదీ నిజమేలెండి" అని పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అక్కడితో ఆ ఏటి యాత్ర సమాప్తం.

నేను కథోలికురాలిని కాబట్టి నాకు తెలిసిన గుణదల సంగతి చెబుతున్నాను. తిరుపతి అన్నా, షిరిడీ అన్నా, అన్నవరం అన్నా ఇదే పాట వినిపిస్తుందని నా స్నేహితురాళ్ళు చెబుతారు. మీరు మీ కొండ పేరు పెట్టుకుని చదువుకోండి, ఏమీ తేడా రాదు.

మగవాళ్ళ ప్రయాణాలు చూడండి. మా వీధిలో ఒకాయన ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. ఆ నలభై ఒక్క రోజులూ ఆయన భార్య తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, మడిగా వండి పెడుతుంది. స్వామి ఇంట్లో లేడా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడక్కూడదు కూడా, అది ఆయన భక్తి. మా వాళ్ళలోనూ వేళాంగణికి కాషాయం కట్టుకుని, స్నేహితులంతా కలిసి వ్యాను మాట్లాడుకుని వెళ్ళే మగవాళ్ళున్నారు. వాళ్ళకి ఇంటిల్లిపాదీ పులిహోర పొట్లాలు కట్టి, గుమ్మందాకా వచ్చి సాగనంపుతారు. మగవాడు బయల్దేరితే దీక్ష. ఆడది బయల్దేరితే షికారు. ఈ తేడా ఏ సువార్తలో ఉందో, ఏ పురాణంలో ఉందో నాకెవరైనా చూపిస్తే బాగుండును.

గుణదల ఎరగనివాళ్ళు తెలుగుదేశంలో తక్కువే గానీ, దూరాభారాన ఉన్న చెల్లెళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. బెజవాడకి పడమటి కొండమీద దుర్గమ్మ కొలువు. ఊరికి తూర్పువైపు కొండ మేరీమాతది. 1924లో అక్కడి అనాథ బాలుర ఆశ్రమం చూసుకుంటున్న ఆర్లాటి అనే ఇటలీ గురువు ఆ కొండమీద లూర్దు మాత స్వరూపాన్ని నిలబెట్టారు. అప్పట్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. లక్షల మంది. వాళ్ళలో కథోలికులు ఎందరో, కానివాళ్ళూ అందరు. కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు కొందరు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొందరు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు కొందరు. ఒకావిడ బొట్టు పెట్టుకుని మోకాళ్ళమీద కూర్చుంటుంది. పక్కావిడ ముసుగు వేసుకుని దణ్ణం పెడుతుంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ హక్కుందని అక్కడెవరూ లెక్కలు తీయరు. మెట్లెక్కి గుహ దగ్గరికి, ఓపికున్నవాళ్ళు ఇంకా పైన సిలువదాకా వెడతారు. పైనుంచి చూస్తే బెజవాడంతా కిందనే ఉంటుంది. సంవత్సరమంతా గ్యాసు పొయ్యి ఎత్తునుంచే లోకాన్ని చూసేవాళ్ళకి ఆ చూపు ఏమిటో ఎక్కినవాళ్ళకే తెలుసు.

ఫిబ్రవరి 11నే ఎందుకంటారా? అసలు కథ అక్కడే ఉంది. దేవుడు ఇంట్లో లేడా అని అడిగే పెద్దమనుషులకి ఆ కథే జవాబు.

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, పిరనీస్ కొండల పాదాల దగ్గర లూర్దు అనే చిన్న ఊరు. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ సుబీరూ అనే పద్నాలుగేళ్ళ పిల్ల చెల్లెల్నీ ఒక స్నేహితురాల్నీ వెంటబెట్టుకుని పొయ్యిలోకి పుల్లలేరడానికి వెళ్ళింది. ఈ ముక్క కాస్త గమనించండి. ఆ పిల్ల ప్రార్థనకి వెళ్ళలేదు, ఇంటి పనిమీద వెళ్ళింది. తండ్రి పిండిమర నడిపి చితికిపోయినవాడు. కాపురం ఎక్కడనుకున్నారు? ఖైదీలుండటానిక్కూడా పనికిరాదని వదిలేసిన పాత జైలు గదిలో. ఆ ఒక్క గదిలో ఆరుగురు మనుషులు. పిల్లకి ఉబ్బసం. చలిలో జాగ్రత్త అని తల్లి మరీమరీ చెప్పింది గనుక, మిగతా ఇద్దరూ కాలవ దాటిపోతే తను మేజోళ్ళు విప్పాలా వద్దా అని వెనకబడింది. అప్పుడే ఎదుటి కొండగుహలో తెల్లటి బట్టలు, నీలం నడికట్టు కట్టుకున్న ఒక స్త్రీ ఆమెకు కనిపించింది.

ఇంటికొచ్చాక ఏం జరిగిందంటారు? తల్లి కూతుళ్ళిద్దరికీ దెబ్బలు వేసి, ఇక ఆ ఛాయలకి వెళ్ళొద్దంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను, రోజు గడవని ఇల్లాయె. కానీ లూర్దు యాత్రకి మొదటి అడ్డు చర్చి పెట్టలేదు, సర్కారు పెట్టలేదు. ఇల్లే పెట్టింది.

మూడోసారి కనిపించినప్పుడు ఆ తల్లి మొదటిసారిగా మాట్లాడింది. పదిహేను రోజులపాటు దయచేసి ఇక్కడికి వస్తారా అని అడిగింది. ఆజ్ఞాపించలేదు, అడిగింది. పైగా "మీరు" అని మన్నించి అడిగింది. చదువు రాని, కట్టుబట్టలకి గతిలేని పిల్లను ఆ ఊళ్ళో అప్పటిదాకా ఎవరు "మీరు" అన్నారు గనక! తనని ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడిందని బెర్నదెత్ తరవాత చెప్పుకున్నది. ఈ మాట చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మనలో ఎంతమందితో ఇంట్లో అలా మాట్లాడుతున్నారో లెక్కపెట్టుకుంటే వేళ్ళు మిగిలిపోతాయి.

ఆ పదిహేను రోజుల్లో ఆ తల్లి అడిగినదేమిటో కూడా వినండి. జనం ఇక్కడికి ఊరేగింపుగా రావాలనీ, ఇక్కడొక గుడి కట్టాలనీ గురువులతో చెప్పమన్నది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చోండి, నేను అన్నిచోట్లా ఉన్నాను కదా అనలేదు. ఆ మాట అనడం ఆవిడకి చాతకాక కాదు గదా!

అధికారులు ఊరుకుంటారా? పోలీసు అధికారి ఆ పిల్లను కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడిగాడు. జూన్‌లో గుహకి చెక్కలు కొట్టించి దారి మూయించారు. జనం పీకేశారు. మళ్ళీ కొట్టించారు, మళ్ళీ పీకేశారు. అక్టోబరులో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియనే ఆ కంచె తీయించమన్నాడు. మొత్తం పద్ధెనిమిది దర్శనాల్లో జూలై 16న జరిగిన ఆఖరుదాన్ని బెర్నదెత్ ఆ కంచె కారణంగా ఏటికి అవతలి ఒడ్డునుంచే చూసింది. కంచెలు కట్టినవాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి?

అసలు నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి బెర్నదెత్ కూడా కాదు. కేథరీన్ లతపీ. లూర్దుకి కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న లూబజాక్ అనే పల్లె ఇల్లాలు. అంతకు ఏడాదిన్నర క్రితం చెట్టుమీదనుంచి పడి కుడిచేతి రెండు వేళ్ళు చచ్చుబడిపోయాయి. నూలు వడకలేదు, చేతినిండా పని చేసుకోలేదు. పల్లెటూరి ఇల్లాలికి కుడిచెయ్యి పోయిందంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పైగా నెలలు నిండిన మనిషి, ఇవాళో రేపో అన్నట్టుంది. 1858 మార్చి 1న, ఇంకా చీకటుండగానే, మూడు గంటలవేళ, ఈవిడ ఉన్నట్టుండి లేచి, చంటిపిల్లల్ని వెంటేసుకుని లూర్దుకి నడిచింది. గుహలో బెర్నదెత్ తన చేతులతో తవ్విన ఊట అప్పటికి నాలుగు రోజులది. అందులో చెయ్యి ముంచితే వేళ్ళు కదిలాయి. అంతలోనే నొప్పులు మొదలైతే మళ్ళీ ఇంటికి నడిచివెళ్ళి ప్రసవించింది. 1862లో అక్కడి మేత్రాణులు అద్భుతాలుగా ఒప్పుకున్న ఏడింటిలో ఇదొకటి.

అద్భుతం నమ్మండి, నమ్మకపోండి, అది మీ ఇష్టం. నేను నమ్ముతాను, మీతో పోట్లాడను. నేను పోట్లాడేది ఆ తెల్లవారుజాము గురించి. మూడు గంటలవేళ, నిండు చూలాలు, ఇద్దరు పిల్లలతో చీకట్లో నడిచిపోతుంటే "దేవుడు లూబజాక్‌లో లేడా?" అని ఎవరైనా అడిగి ఉంటే? "ఈ స్థితిలో ప్రయాణమేమిటి, జనం ఏమనుకుంటారు?" అని ఉంటే? అనేవుంటారు. మనుషులన్న తరవాత అనకుండా ఉంటారా! ఆవిడ ఆగలేదు, అంతే. అదే నాకు కావలసింది.

సరే, ఇంత చెప్పాక మా మరిది లాంటివాళ్ళు లేఖనం తీస్తారు. మా మరిది చదువుకున్నవాడు, ఏ వాదానికైనా జేబులో ఒక వచనం ఉంటుంది. "వదినా, యోహాను సువార్త నాలుగో అధ్యాయం చూడండి. ఈ కొండమీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మలోనూ సత్యంలోనూ తండ్రిని ఆరాధించే కాలం వస్తుందని ప్రభువే చెప్పాడు గదా! మరి గుణదల ఎందుకు?" అంటాడు.

చూశాను నాయనా. నువ్వు ఆపినచోట ఆపకుండా ఇంకాస్త కిందదాకా కూడా చదివాను. ఆ మాట ప్రభువు ఎవరితో చెప్పాడు? నీళ్ళు తోడుకోడానికి బావి దగ్గరికొచ్చిన సమరయ స్త్రీతో. విని ఆవిడేం చేసింది? బుద్ధిగా కడవ నింపుకుని ఇంటికి పోయి, ఆత్మలోనూ సత్యంలోనూ గిన్నెలు తోముకుందా? కడవ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది. యోహాను ఆ కడవ సంగతి పనిగట్టుకుని రాశాడు. ఆడవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టడానికి మీరు వాడే వచనం వినగానే ఒక ఆడది కడవ వదిలిపెట్టి బయల్దేరిందన్నమాట! ఈసారి వచనం ఎంచుకునేటప్పుడు కాస్త ముందూవెనకా చూసుకో.

ఇంక మరియమ్మ సంగతి. ఆవిడ బొమ్మను గూట్లో పెట్టి, రెండు చేతులూ జోడించి కళ్ళు దించుకున్న ఇల్లాలిగా మనకి చూపిస్తారు. లూకా రాసింది చూస్తే ఆవిడ కాలు ఒకచోట నిలిచిన మనిషి కాదు. గబ్రియేలు దూత వచ్చి వెళ్ళాక చేసిన మొదటి పని ఏమిటి? యూదా కొండసీమకి, చుట్టం ఎలీసబెతు దగ్గరికి ప్రయాణం. రోజుల తరబడి దారి. యోసేపును అడిగినట్టు లూకా రాయలేదు. పెద్దవాళ్ళు సరేనన్నట్టు రాయలేదు. "త్వరగా" వెళ్ళిందని మాత్రం రాశాడు. వెళ్ళి సుమారు మూడు నెలలు ఉన్నది. మూడు నెలలు! మనవాళ్ళు మూడు రోజులకే పాలవాడి లెక్క ఎవరు చూస్తారంటారు. వయసు మళ్ళాక గర్భవతి అయిన ఒక స్త్రీని, పెళ్ళికాకుండానే గర్భం మోస్తున్న ఇంకో స్త్రీ వెతుక్కుంటూ వెళ్ళడం. నా లెక్కలో మరియమ్మ యాత్రల్లో మొట్టమొదటిది అదే. ఆ యాత్ర చేసింది మరియమ్మే.

రెండోది ఇంకా బాగుంటుంది. యూదుల ధర్మశాస్త్రంలో ఏడాదికి మూడుసార్లు దేవుని సన్నిధికి రావలసినది పురుషులని ఉంది. నిర్గమకాండం ఇరవైమూడో అధ్యాయం తీసి చూసుకోండి. ఆడవాళ్ళకి ఆ విధి లేదు. అయినా యేసు తల్లిదండ్రులు ఏటేటా పాస్కా పండగకి యెరూషలేము వెళ్ళేవాళ్ళని లూకా రాశాడు. తల్లిదండ్రులు, అంటే ఇద్దరూ, ఏటేటా. వెళ్ళి తీరాలని ఆవిడమీద ఏ శాసనమూ లేదు. సాక్షాత్తూ దేవుని కుమారుణ్ణి ఇంట్లో పెట్టుకుని, అన్నం కలిపి పెడుతున్న తల్లి ఆవిడ! "దేవుడు ఇంట్లో లేడా?" అని ప్రపంచం మొత్తంమీద ఒక్క ఆడదాన్ని అడగటానికి న్యాయముంటే అది మరియమ్మని. ఉన్నాడు, నిజంగానే ఇంట్లో ఉన్నాడు. ఆయన్ని కూడా వెంటబెట్టుకుని ఆవిడ యాత్రకి వెళ్ళింది.

ఇంతవరకూ చదివి కొందరు, "మా ఇంట్లో ఆ గొడవే లేదమ్మా, మావాళ్ళే దగ్గరుండి పంపిస్తారు" అంటారు. ఆ పంపడం సంగతి కూడా చూద్దాం.

కొడుకు ఇంజినీరింగు పరీక్ష, అమ్మ గుణదలకి నడవాలి. అల్లుడి ఉద్యోగం, అత్తగారు తొమ్మిది వారాలు నవదిన ప్రార్థనలు చెయ్యాలి. ఆయనగారికి గుండెపోటు, సిగరెట్లు తాగింది ఆయన, చెప్పులు మానేసింది ఆవిడ. ఇంట్లో ఎవరికి ఏం కావలసినా మోకాళ్ళు మాత్రం ఆవిడవే. రేషను క్యూలో నిలబెట్టినట్టే దేవుడి క్యూలోనూ నిలబెడతారు. తిరిగి రాగానే అడిగే మాట, "మొక్కు సరిగ్గా చెప్పావా? నా పేరు చెప్పావా?" అని. అలిసిపోయావా అని కాదు.

తలనీలాల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. తన జుట్టు తాను ఇచ్చుకునే మనిషి త్యాగం నాకు తెలుసు, ఆ నున్నటి తలముందు నేను తల వంచుతాను. కానీ "మగపిల్లాడు పుడితే మా కోడలి తలనీలాలు ఇప్పిస్తాను తల్లీ" అని మొక్కే అత్తగార్లను నేను నా చెవులతో విన్నాను. ఇదెక్కడి భక్తమ్మా? మొక్కింది నువ్వు, జుట్టు దానిదా? అలా అయితే నేనూ మీ మేడ అమ్మి గుడికి ఇస్తానని మొక్కుకుంటాను, ఒప్పుకుంటారా? పైగా మగపిల్లాడట! ఆడపిల్లకి కనిపించి, ఆడపిల్లని "మీరు" అని పిలిచిన తల్లి దగ్గర నిలబడి అడిగే కోరికేనా అది?

వద్దని ఆపేవాళ్ళకీ, ఇలా తమ పనిమీద పంపేవాళ్ళకీ నాకేమీ తేడా కనిపించదు. ఇద్దరి లెక్కలోనూ ఆవిడకంటూ దేవుడితో చెప్పుకోవలసిన సొంత మాట ఒకటి ఉండదు.

కొన్నేళ్ళ కిందట తిరునాళ్ళలో మెట్లమీద నా పక్కన ఒకావిడ కూర్చుంది. తెనాలి దగ్గర పల్లెటూరట. అరవై దాటిన మనిషి, కాళ్ళకి చెప్పుల్లేవు, ఒళ్ళో గుడ్డసంచీ, అందులో రెండు అరటిపళ్ళు. ఒకటి నాకిచ్చింది. మాట కలిపి, "ఏం మొక్కు పిన్నిగారూ?" అన్నాను, అందరం అడిగేదే కదా. "మొక్కేం లేదమ్మా. ఊరికే వచ్చాను" అంది. నాకర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. "పిల్లల మొక్కులన్నీ అయిపోయినయ్. ఆయన మొక్కులు ఆయనతోనే పోయినయ్. ఇంక నాకేం కావాలి? ఇక్కడ కూర్చుంటే ఎవరూ పిలవరు. అమ్మా అనరు, నానమ్మా అనరు, ఏమేవ్ అనరు. కాసేపు ఊరికే కూర్చుని ఆవిడ్ని చూసి పోతా." అరటిపండు తొక్క కొంగులో మూటకట్టుకుని, ఇంకో గంట అలాగే కూర్చుంది. నేను చాలా ప్రసంగాలు విన్నాను. "ఊరికే" అన్న ఆ ఒక్క మాట చెప్పినంత ఎవరూ చెప్పలేదు.

లూర్దులో అద్భుతాలని చెప్పుకున్నవాటిని పరీక్షించడానికి 1883 నుంచీ వైద్యుల కార్యాలయమే ఉంది. బాగైందని వేలమంది చెప్పుకున్నా, 2018 నాటికి చర్చి అద్భుతంగా ఒప్పుకున్నవి డెబ్భయ్యే. ఏటా వెళ్ళేది లక్షల్లో. అంటే వెళ్ళినవాళ్ళలో దాదాపు అందరూ వెళ్ళిన జబ్బుతోనే తిరిగొస్తారు. మళ్ళీ వెడతారు. బెర్నదెత్‌కే బాగు కాలేదు. ఉబ్బసం, ఆపైన క్షయ. 1866లో లూర్దు వదిలి నెవేర్ కన్యల మఠంలో చేరి, ముప్పయ్యయిదేళ్ళకే 1879లో పోయింది. ఆ ఊట అందరిదీ గానీ తన కోసం కాదన్నట్టు ఉండిపోయింది. ఇచ్చిపుచ్చుకునే బేరమే అయితే ఆ కొండకి ఈపాటికి జనం రావడం మానేసి ఉండాలి. ఫిబ్రవరి 11ని 1992లో రెండో జాన్‌పాల్ పోపుగారు ప్రపంచ రోగుల దినంగా ప్రకటించారు. రోగుల దినమన్నారు గానీ స్వస్థతల దినమనలేదు. ఆ తేడా తెలిసే ఆ పేరు పెట్టి ఉంటారు.

ఇంక మిగిలినవి చిల్లర అభ్యంతరాలు. ఖర్చంటారు. పెళ్ళిళ్ళలో వీడియోలకి తగలేసే దాంట్లో పదో వంతు కాదు. కొండ కింద వ్యాపారం చూశావా అంటారు. చూశాను, కొవ్వొత్తి ధర ఎక్కువే, బేరమాడాను, అయితే ఏం? జనంలో ఆడవాళ్ళకి భద్రం కాదంటారు. ఇది మాత్రం నిజమే. ఏ తిరునాళ్ళలో చూసినా ఆడవాళ్ళ మరుగుదొడ్లముందు మైలు పొడుగు వరస ఉంటుంది, తలదాచుకునే పందిళ్ళు చాలవు, ఒంటరిగా వచ్చినావిడకి రాత్రి పడుకునే చోటుండదు. దానికి మందు దొడ్లు కట్టించడం, పందిళ్ళు వేయించడం, దీపాలు పెట్టించడం. ఆడవాళ్ళని రావద్దనడం కాదు. జనం ఎక్కువై రోడ్లు చాలకపోతే వెడల్పు చేస్తారు గానీ, మగవాళ్ళూ ఇంట్లో కూర్చోండి అంటారా? ఉత్సవ సంఘాల్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారో లెక్క తీస్తే ఈ దొడ్ల రహస్యం తేలిగ్గానే అర్థమౌతుంది.

ఈ ఏడాది మా పక్కింటావిడ నాతో బయల్దేరింది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి మొదటిసారి. వాళ్ళది మా మతం కూడా కాదు. ఆవిడకి చూడాలనిపించింది, అంతే. ఇంట్లో అదే ప్రశ్న పడింది. "ఉన్నాడండీ, ఉండబట్టే మీ ముగ్గుర్నీ ఆయనకి ఒప్పజెప్పి వెడుతున్నాను" అన్నదట. నేను నేర్పిన మాట కాదు సుమా! రెండు పూటలకి వండిపెట్టి, పెరుగు తోడుపెట్టి, గుత్తి వంకాయ ఎలా వెచ్చబెట్టుకోవాలో కాగితం మీద రాసి, రైలెక్కింది.

కొండ మొదటి మెట్టు దగ్గరే సెల్ ఫోను మోగింది. చక్కెర డబ్బా ఎక్కడుందని. చెప్పింది. సగం దూరం వెళ్ళాక మళ్ళీ మోగింది. చిన్నవాడి తెల్లచొక్కా ఎక్కడుందని. చెప్పింది. గుహ కనిపించేచోటికి వచ్చేసరికి మూడోసారి. ఆవిడ ఆ ఫోనును అటూ ఇటూ చూసి, నా చేతిలో పెట్టి, కొవ్వొత్తి తీసుకుని ముందుకు వెళ్ళిపోయింది. అది మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. చుట్టుపక్కల వాళ్ళు విసుక్కుంటుంటే తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏమేవ్, కందిపప్పు ఎక్కడ పెట్టావ్?"

"పొయ్యి పక్క అరలో ఉంటుందేమో చూడండి అన్నయ్యగారూ. ఆవిడ ఇంట్లో లేరు" అన్నాను.